గాలికి వదలిన బాకీ

మా రాయచూరులో సుమారు 40 సంవత్సరములకు పూర్వము జరిగిన యొక చిన్న సంగతితో ఈ వ్యాసమును ఆరంభింతును. మా వీధి వెనుక ఒక బియ్యపు మిల్లు ఉండెడిది. బాయిలరులో ఊక కాల్చెడివారు. ప్రొద్దెక్కునప్పటికి నల్లని బూడిద మా మేడలమీద వాలెడిది. ఆడువారు ఎండబెట్టిన అప్పడములు, ఆరవేసిన బట్టలు అన్నియు మచ్చలు పడెడివి. వీధిలోని వర్తకులము పదిమంది కలిసి మిల్లు యజమాని యొద్దకు పోతిమి. ఆయన మంచివాడు. మా మాట త్రోసివేయలేదు. "పొగగొట్టం ఇంకో ముప్పై అడుగులు లేపిస్తాను. ఖర్చులో మీరూ కొంత వేసుకోండి" అనెను. మేము ఒప్పుకొంటిమి. చందాపట్టీ వ్రాసినవాడను నేనే. గొట్టము లేచెను, బూడిద ఆగెను. అందరును సంతసించి యజమానికి శాలువ కప్పిరి.

మరుసటి యేడు మిరపకాయల కాలములో, రెండు మైళ్ల దూరములోని యొక పల్లెనుండి మా దుకాణమునకు ఖాతాదారుడైన వృద్ధరైతు ఒకడు వచ్చెను. పాతబాకీ అణా పైసలతో సహా లెక్కించి నా ముందు పెట్టి, లేచుచు నవ్వుచు ఒక మాట యనెను: "సేటూ, మీ ఇంట్లో అప్పడాలు ఇప్పుడు బాగా ఎండుతున్నాయంట గదా! మీ బూడిద మా కళ్లంలో మిరపకాయల మీద పడుతున్నది." అతడు నన్ను నిందింపలేదు. పరిహార మడుగలేదు. తన బాకీ తీర్చి తన దారిని పోయెను. నా బాకీని మాత్రము ఏ పుస్తకములోను ఎవ్వరును వ్రాసికొనలేదు.

నిప్పు లేనిదే పొగ రాదని మన సామెత. కొండమీద పొగ కనబడినచో అచ్చట నిప్పు కలదని ఊహింపవలెనని మన తార్కికులు శిష్యులకు మొదటి పాఠముగా చెప్పెడివారు. కాని అందులో కొండ యొకటి, నిప్పు యొకటి, పొగ యొకటి. వేయి నిప్పులనుండి లేచిన పొగ వేయి మైళ్లు పోయి, కలిసిమెలిసి, పరదేశములో ఒక చెరువుమీద పడినప్పుడు అందులో ఎవరి పా లెంత? ఆ పాలు తెలిసిన పిమ్మట ధర్మమేమి? పాలు తెలియకున్నచో ధర్మమే లేదా? ఇదియే ఇచ్చట విచారింపదలచిన ప్రశ్న.

మా వీధివారు చేసిన పనినే గొప్ప దేశములును చేసినవి. 1952 డిసెంబరు 5వ తేదీ మొదలు 9వ తేదీ వరకు లండను నగరమును బొగ్గుపొగ కలిసిన మంచు కప్పివేసెను. వేలకొలది జనులు మరణించిరి. దానిపై 1956లో ఆ దేశపు పార్లమెంటు స్వచ్ఛవాయు శాసనము గావించెను. నగరములలో ఇండ్ల పొగ తగ్గెను. అది మెచ్చదగిన కార్యమే. అయితే విద్యుత్తు పుట్టించు పెద్ద కొలుములు ఊళ్లకు దూరముగా పోయి, వాటి గొట్టములు ఆకాశము నంటుకొనసాగెను. ఇంగ్లండులోని డ్రాక్స్ విద్యుత్కేంద్రపు గొట్టము 259 మీటర్ల ఎత్తు. కెనడాలోని సడ్‌బరీలో నికెలు కరగించు కర్మాగారమునకు 1972లో లేపిన గొట్టము 381 మీటర్లు. వీటివలన చుట్టుపట్ల నేలకు కొంత శాంతి కలిగెను. గొట్టములోనుండి వెడలు గంధకము మాత్రము అణువంతయు తగ్గలేదు. అది పైకి పోయి, గాలిబాట పట్టి, ఇంకొకరి యింట దిగెను.

దిగినది ఎక్కడ? నార్వే, స్వీడను దేశముల దక్షిణభాగమున నేల పలుచన, క్రింద నల్లరాయి. ఆమ్లమును విరిచివేయు సున్నపు పాలు ఆ నేలలో స్వల్పము. ఆ దేశములలో వేలకొలది సరస్సులలో చేపలు నశించినవి. నీరు చూడ స్ఫటికమువలె నిర్మలము; అందు ప్రాణి లేదు. 1967లో స్వాంటే ఓడెన్ అను స్వీడను శాస్త్రజ్ఞుడు వర్షములోని ఆమ్లము పరదేశములనుండి గాలిపై వచ్చుచున్నదని తన దేశపు దినపత్రికలోనే ప్రకటించెను. అది విని యూరపు ఉలిక్కిపడెను.

అప్పుడు పొరుగుదేశములు అడిగిన ప్రశ్న వర్తకులమైన మనకు చిరపరిచితమే. "బాకీ యున్నదనుచున్నారు. పత్ర మేది?"

ఆ పత్రము ఎట్లు వ్రాయబడెనో చెప్పెదను. 1972లో ఆర్థిక సహకార సంస్థ యొక్క ఆధ్వర్యమున 11 దేశములు కలిసి పరిశోధన మొదలుపెట్టినవి. బ్రిన్యుల్ఫ్ ఒట్టర్ అను నార్వే శాస్త్రజ్ఞుడు దానిని నడిపెను. 1977లో తుది నివేదిక వెలువడెను. ప్రతి దేశపు గాలియు ఇతర దేశముల పొగచేత కొలువదగినంతగా చెడుచున్నదని తేలెను. ఆ యేడే 'ఎమెప్' అను శాశ్వతమైన ఏర్పాటు ఆరంభమయ్యెను. గాలిని కొలుచు కేంద్రములు యూరపంతట వెలసినవి. లెక్క కట్టు కార్యాలయములలో ఒకటి ఓస్లోలోను, ఒకటి మాస్కోలోను స్థాపింపబడినవి.

శాస్త్రజ్ఞులు దీనిని గణిత నమూనా అందురు. వినుటకు గహనముగా నున్నను దీని మూలసూత్రము మన రోజువారీ చిట్టాకంటె వేరు కాదు. దేశముల పటముపై గళ్లు గీయుదురు. మొదట గడి 150 కిలోమీటర్ల వెడల్పు, తరువాత 50, నేడు సుమారు 10. ప్రతి గడి యొక దుకాణమనుకొనుడు. ఆ గడిలో ఎన్ని కొలుములు, ఎన్ని మోటారులు, ఎన్ని పశువులు కలవో, అవి ఎంతెంత విడుచునో తెలిపెడు పట్టిక ఒకటి ఉండవలెను. ఇది సరకు పట్టీ. రెండవది గాలి: ఏ గంటకు ఏ దిక్కునకు ఎంత వేగముతో వీచినదో వాతావరణశాఖలవారి కొలతలు చెప్పును. ఇది రవాణా. మూడవది మార్పు: సల్ఫర్ డయాక్సైడు అను వాయువు దారిలో కొలది దినములలో సల్ఫేటు కణములుగా మారును. వడ్లు బియ్యమైనట్లు, సరకు రూపు మార్చుకొనునన్నమాట. నాలుగవది దిగుమతి: కొంత పొడిగా నేలకును చెట్లకును అంటుకొనును, కొంత వానతో రాలును. ప్రతి గడికిని నిన్నటి నిలువ, వచ్చినది, పుట్టినది, మారినది, వెళ్లినది, రాలినది అని వ్రాసి సాయంకాలము లెక్క కట్టుదురు. ఒక్క గడిలో వ్యయమైనది ప్రక్కగడిలో జమ కావలెను. ఏ పదార్థమును ఊరక మాయము కాదు. ఈ ఒక్క నియమమే ఆ శాస్త్రమంతటికి పట్టుగొమ్మ.

ఇట్లు కట్టిన లెక్క నిజమో కాదో ఎట్లు తెలియును? కొలుచు కేంద్రములలోని అంకెలతో పోల్చి చూతురు. ఆ పిమ్మట ఒక దేశపు పొగను మాత్రము కాగితముపై కొంత తగ్గించి, లెక్క నంతయు మరల కట్టుదురు. ముందటి మొత్తమునకును ఇప్పటి మొత్తమునకును గల భేదమే ఆ దేశపు పాలు. ఇట్లు ప్రతి దేశమునకు చేసినచో ఒక పెద్ద పట్టిక యేర్పడును: నిలువున పంపినవారు, అడ్డముగ పుచ్చుకొన్నవారు. నార్వేకు పరదేశములనుండి వచ్చిన గంధకములో ఆ కాలమున పెద్దపాలు బ్రిటనుదని ఆ పట్టిక చూపెను.

ఈ పట్టికలో నాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపిన విషయ మొకటి కలదు. ఆ రోజులలో యూరపు రెండు శిబిరములుగా చీలి, ఒండొరులపై ఫిరంగులు గురిపెట్టి యుండెను. అయినను ఆ రెండు శిబిరములవారును 1979 నవంబరు 13వ తేదీన జెనీవాలో కూడి, దూరము పోవు వాయుకాలుష్యమును గూర్చి ఒడంబడిక వ్రాసికొనిరి. తమ కొలుముల లెక్కలు ఒకరికొకరు ఇచ్చుకొనుట కంగీకరించిరి. శత్రువులకును పొత్తు కుదిరినది ఒక్క చిట్టాలోనే. గాలి ఏ శిబిరమునకును చెందినది కాదు గదా!

ఇంతవరకు లెక్క. ఇక ధర్మము.

మొదటి ప్రశ్న: దూరము దోషమును తగ్గించునా? మన కంటి ముందరి ప్రాణిని కాలితో త్రొక్కుటకు వెనుదీయుదుము. వేయిమైళ్ల ఆవల మన పొగవలన దగ్గుచున్న బిడ్డ మన కంటికి కనబడదు. కనబడనిది లేనిదే యని మనసు సమాధానపడును. ఈ సమాధానమును న్యాయస్థానము మొదటిసారి కాదన్నది ఉత్తర అమెరికాలో. కెనడా దేశపు ట్రెయిల్ అను ఊరిలో సీసము, తుత్తునాగము కరగించు కర్మాగార మొకటి కలదు. 1925లోను 1927లోను అచ్చట 409 అడుగుల గొట్టములు రెండు లేపిరి. కొలంబియా నదిలోయ వెంబడి పొగ దక్షిణముగా దిగి, సరిహద్దు దాటి, అమెరికా సంయుక్తరాష్ట్రములలోని వాషింగ్టన్ రాష్ట్రపు రైతుల పొలములను, చెట్లను మాడ్చెను. తగవు రెండు ప్రభుత్వములది అయ్యెను. మధ్యవర్తుల సభ 1938లోను 1941లోను తీర్పులు చెప్పెను. హాని గొప్పదై, సాక్ష్యము స్పష్టముగా నున్నచో, తన నేలనుండి లేచిన పొగచేత పరదేశమునకు హాని చేయు హక్కు ఏ రాజ్యమునకును లేదని నిర్ణయించెను. 1932 మొదలు 1937 వరకు జరిగిన నష్టమునకు 78,000 డాలర్లు ఇప్పించెను. అంతకుముందటి నష్టమునకు 3,50,000 డాలర్లు వేరుగా ఏర్పడియుండెను. మా వీధివారివలెనే వారును గొట్టమును పొడిగించిరి; పొడిగించినకొలది బాకీ దూరము పోయెనే గాని తీరలేదు.

శ్రావక వ్రతములలో దిగ్వ్రత మొకటి కలదని మన యిండ్లలో పిల్లలకును తెలియును. పది దిక్కులలోను ఇంతదూరము దాటి పోనని మేర వేసికొనుట. ఆ మేరకు ఆవల తనవలన ఏ జీవికిని బాధ కలుగకుండవలెనని దాని తాత్పర్యము. పూర్వులు ఆ పది దిక్కులలో ఊర్ధ్వదిశను గూడ చేర్చిరి. నేను చిన్నతనమున, మనిషి పైకెక్కడికి పోగలడని నవ్వుకొంటిని. పొగగొట్టము చూచిన పిమ్మట ఆ నవ్వు పోయెను. కాలు మేర లోపలనే యుండి, పొగ మేర దాటినచో వ్రతము నిలిచినట్లా, చెడినట్లా? ఆ పాటి దూరము పోవునది నా చేయి కాదు, నా పొగ అని చెప్పుట వ్రతము యొక్క అక్షరమును కాపాడునేమో గాని ఆశయమును కాపాడదు.

రెండవ ప్రశ్న మరింత చిక్కైనది. కొన్ని హానులలో పాలు పంచుట సాధ్యము కాదు. ఒక దేశపు మోటారులనుండి నైట్రోజన్ ఆక్సైడులు లేచి దారిలో నత్రికామ్లముగా మారును. ఇంకొక దేశపు పశువుల కొట్టములనుండి, ఎరువు చల్లిన పొలములనుండి అమోనియా లేచును. రెండును నడిదారిలో కలిసి, ఊపిరితిత్తుల లోతునకు పోగల సన్నని కణములగును. అమోనియా లేకున్నచో ఆ కణము లేదు. ఆమ్లము లేకున్నను లేదు. అట్లయిన ఆ కణ మెవరిది? మొదటివానిని తీసివేసి లెక్క కట్టినచో మొత్తము పోవును. రెండవవానిని తీసివేసినను మొత్తము పోవును. ఇద్దరి పాళ్లను కూడినచో నూటికి నూరు కాక మించిపోవును. ఇది లెక్కలోని తప్పు కాదు. లోకము యొక్క తీరే అట్టిది.

అప్పుడు ఇద్దరిలో ప్రతివాడును "ఎదుటివాడు లేకున్న నా పొగ నిరపాయమే" అని చెప్పుటకు వీలున్నది. రెండు మాటలును నిజమే, రెండును తప్పించుకొను మాటలే. వర్తకులకు దీనికి ప్రత్యుత్తరము వెదకనక్కరలేదు. ఉమ్మడి వ్యాపారములో ముగ్గురు వాటాదారులున్నచో సంస్థ చేసిన అప్పునకు ప్రతివాడును ఇతరులతో కలిసియు, వేరుగను పూచీ యని 1932 నాటి మన భాగస్వామ్య శాసనమే చెప్పుచున్నది. అప్పులవాడు వచ్చినప్పుడు "నాది మూడవ వంతు మాత్రమే, తక్కినది వారి నడుగు" అనుటకు వీలులేదు. గాలిలో మనమందరము సంతకము చేయని వాటాదారులము. చేయలేదు గదా యని కొంద రందురు. నిజమే, కాని ఊపిరి పీల్చినప్పుడే లాభములో పాలు పుచ్చుకొంటిమి.

మూడవ ప్రశ్న: లెక్కలో సందేహమున్నంతవరకు ఊరకుండవచ్చునా? నమూనా ఒకనాటి ఒక ఊరి సంగతిలో తప్పవచ్చును. యేడాది మొత్తములో, దేశము మొత్తములో అది నమ్మదగియుండును. సరకు పట్టీయే తప్పుగా వ్రాసి యిచ్చినచో లెక్క యెంత చక్కగా కట్టినను ఫలితము తప్పే. ఈ లోపములను చూపి 1980 తరువాతి సంవత్సరములలో బ్రిటను చాలకాలము వెనుకాడెను. 1985లో హెల్సింకీలో 21 దేశములు 1993లోగా గంధకపు పొగను 1980 నాటి మట్టమునుండి నూటికి 30 పాళ్లు తగ్గింతుమని సంతకము చేసినప్పుడు, ఆ దేశము చేరలేదు. చేరినవారికి మాత్రము పూర్ణమైన రుజువు దొరికినదా? లేదు. 30 అను అంకెకు శాస్త్రములో ప్రత్యేకమైన ఆధారమును లేదు. వారు చేసినది తెలిసినంతలో మొదటి వాయిదా కట్టుట. బాకీ యున్నదని తెలిసి, మొత్తము తేలలేదని వాయిదా ఎగవేయు వానిని మన బజారులో ఏమందుమో చెప్పనక్కరలేదు.

లెక్క బాగుపడినకొలది న్యాయమును సూక్ష్మమయ్యెను. 1994లో ఓస్లోలో వ్రాసిన ఒప్పందములో అందరికి ఒకే కోత యను పద్ధతి పోయెను. ప్రతి నేలయు, ప్రతి చెరువును ఎంత ఆమ్లమును చెడకుండ భరింపగలదో ముందు కొలిచిరి. ఆస్ట్రియాలోని లక్సెన్‌బర్గులో నున్న పరిశోధనాలయమువారు 'రెయిన్స్' అను నమూనాతో, ఏ దేశము ఎంత తగ్గించినచో తక్కువ ఖర్చుతో ఎక్కువ నేల బాగుపడునో గణించి చూపిరి. ఈ సారి బ్రిటనును సంతకము చేసెను. సమానముగా పంచుట వేరు, న్యాయముగా పంచుట వేరు. బలహీనుని నేల ఎంత మోయగలదో చూచి బలవంతుని కోతను నిర్ణయించుట నాకు గొప్ప ధర్మముగా తోచును. నేడు యూరపులో గంధకపు పొగ 1980 నాటికంటె నూటికి 80 పాళ్లకు పైగా తగ్గినది. చచ్చిన సరస్సులు మెల్లమెల్లగా కోలుకొనుచున్నవి. సడ్‌బరీలోని ఆ మహాగొట్టమును 2020లో విరమించిరి. పొగను లోపలనే కడిగిన పిమ్మట చిన్న గొట్టములే చాలినవి.

ఇచ్చట పాఠకులు అడుగవచ్చును: కొలుములు కట్టినవారు, శాసనములు చేసినవారు వేరు, కొని యమ్ముకొను మన కిందులో ఏమి పాలు? నేనును చాలకాలము అట్లే యనుకొంటిని. 2017లో నేచర్ అను శాస్త్రపత్రికలో ప్రచురింపబడిన యొక పరిశోధన నా మనసును కలత పెట్టెను. 2007 సంవత్సరములో సన్నని ధూళికణముల వలన లోకమున సుమారు 34 లక్షల 50 వేలమంది అకాలమరణము చెందిరని వారు లెక్కించిరి. అందులో నూటికి 12 పాళ్లు, అనగా 4,11,100 మరణములు, ఒక ప్రాంతపు పొగ గాలిపై ఇంకొక ప్రాంతమునకు పోవుటవలన కలిగినవి. ఇది గాలి చేసిన రవాణా. నూటికి 22 పాళ్లు, అనగా 7,62,400 మరణములు, ఒక ప్రాంతములో తయారై ఇంకొక ప్రాంతములో వినియోగింపబడిన సరకుల వలన కలిగినవి. ఇది వర్తకము చేసిన రవాణా. గాలికంటె బిల్లుపుస్తకమే మరణములను ఎక్కువదూరము మోయుచున్నది! సరకు మన కొట్టునకు శుభ్రముగా వచ్చును. దాని పొగ పుట్టినచోటనే యుండిపోవును.

చేయుట, చేయించుట, చేసినదాని నామోదించుట అని మన పెద్దలు హింసకు మూడు వాకిళ్లు చెప్పిరి. కొలుము పెట్టినవాడు చేయువాడు. ధర తగ్గింపుమని ఒత్తిడి చేసి, పొగ కడుగు యంత్రమునకు డబ్బు లేకుండ చేసిన కొనుగోలుదారుడు చేయించువాడు. ఏమియు నెరుగనట్లు అమ్మి లాభము వ్రాసికొనువాడు ఆమోదించువాడు. మూడవ వాకిట నేను నిలిచియున్నట్లు నాకే కనబడెను. ఆ మిల్లులోని బియ్యమును ఏండ్ల తరబడి అమ్మినవాడను నేనే గదా!

సింగపూరు ప్రభుత్వము ఈ మూడు వాకిళ్ల సంగతిని కొంత గ్రహించినట్లున్నది. సుమత్రా, బోర్నియో దీవులలో తోటలకొరకు అడవులు, పీటునేలలు కాల్చిన పొగ పొరుగుదేశములను మాటిమాటికి కప్పుచున్నది. 1997లో అది ఘోరమయ్యెను. 2002లో ఆ ప్రాంతపు దేశములు ఒడంబడిక వ్రాసికొన్నను, ఇండొనీసియా దానిని స్థిరపరచుటకు 2014 వరకు పట్టెను. ఆ యేడే సింగపూరు ఒక శాసనము చేసి, మంట సరిహద్దు కావల నున్నను, దానికి కారణమైన వ్యాపారసంస్థను శిక్షింపవచ్చుననెను. రోజుకు లక్ష సింగపూరు డాలర్లు, మొత్తము 20 లక్షల వరకు జరిమానా. పొగను ఆపలేనివారు పొగ వెనుకనున్న లాభమును పట్టుకొనజూచిరి.

అయితే ఒక హెచ్చరిక. పాళ్ల పట్టిక చేత బట్టుకొన్నవానికి నిందించు చాపల్యము సులభముగా కలుగును. మన దేశములోనే చూడుడు. ప్రతి సంవత్సరము అక్టోబరు, నవంబరు నెలలలో పంజాబు, హర్యానా పొలములలో వరిదుబ్బులు కాల్చిన పొగ ఢిల్లీవైపు వచ్చును. 2021 నుండి పూనాలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధనాలయమువారి నమూనా ఢిల్లీ గాలిలో దుబ్బుల పొగ పాలెంత, ఊరి మోటారుల పాలెంత, చుట్టుపట్ల జిల్లాల పాలెంత యని గణించు ఏర్పాటు చేసెను. ఆ అంకె వెలువడగానే రైతే దోషి యని పలికెడివారు కలరు. కాని ఆ రైతు కథ వినుడు. భూగర్భజలము ఇంకిపోవుచున్నదని 2009లో ఆ రెండు రాష్ట్రములును వరినాట్లను వెనుకకు జరుపు శాసనములు చేసినవి. నీరు మిగిలెను. కోత ఆలస్యమయ్యెను. గోధుమ విత్తుటకు గడువు కొలదిదినములే మిగిలెను. దుబ్బు తొలగించుటకు అగ్గిపుల్లకంటె చౌకైన సాధనము లేదు. గాలి స్తంభించు చలికాలపు ముంగిటనే ఆ మంటలు పడినవి. ఒక మేలు వెనుక ఒక కీడు. ఆ బియ్యమును కొన్న ప్రభుత్వము, అమ్మిన వర్తకుడు, తిన్న మనము అందరమును ఆ మంటచుట్టు కూర్చున్నవారమే. అందుకనియే 2021 నాటి శాసనము ఢిల్లీ నొక్కదానినే కాక హర్యానా, పంజాబు, రాజస్థాను, ఉత్తరప్రదేశములను గూడ చేర్చి ఒకే గాలిచావడిగా చూచు సంఘమునకు బలము చేకూర్చెను. దేశముల మధ్య మాత్రము మన దక్షిణాసియాలో ఇట్టి బంధమైన లెక్క లేదు. 1998లో మాలేలో చేసిన ప్రకటన మంచిమాట. కాని అది వాగ్దానమే, పత్రము కాదు.

పట్టికను చదువు పద్ధతి యొకటి కలదు. అందులో ప్రతి దేశమును ఒకచోట అప్పులవాడు, ఒకచోట బాకీదారుడు. పుచ్చుకొన్న వరుసను మాత్రము చదువువాడు వ్యాజ్యమునకు పోవును. పంపిన వరుసను గూడ చదువువాడు తలవంచి ఇంటికి వచ్చి తన కొలుమును చూచుకొనును. మొదటివాడు అసత్యమాడలేదు. రెండవవాడు సత్యమును మొత్తముగా చదివెను. లెక్క యొక్క ప్రయోజనము నిందకు రుజువు దొరకుట మాత్రమే యైనచో అంత శ్రమ యక్కరలేదు. తెలియకపోవుటయను సాకును అది మనయొద్దనుండి తీసివేయుచున్నది. తెలిసిన పిమ్మట ఊరకుండుట అజాగ్రత్త యగును. అజాగ్రత్తవలన కలిగిన హాని హింస కాదని మన పెద్దలు ఎన్నడును చెప్పలేదు.

ఇక మన చేతిలో నున్నదేమి? సంధిపత్రములు మనము వ్రాయజాలము. కాని కొనుగోలు మన చేతిలోనిదే. ఈ సరకు ఎట్లు ఉడికినది, ఏ కొలుములో కాలినది యని అడుగుట మన చేతిలోనిది. పొగ కడుగు యంత్రము పెట్టినవాని ధర కొంచె మెక్కువైనను వానియొద్దనే కొనుట మన చేతిలోనిది. మన సొంత మిల్లులు, బట్టీలు, జనరేటరులు ఉన్నచో గొట్టము పొడిగించి ఊరివారి నోరు మూయించుటకు బదులు పొగనే తగ్గించుట మన చేతిలోనిది. ఇవి గొప్ప కార్యములు కావు. వాయిదాలు.

ఆ మిల్లు ఏనాడో మూతపడినది. ఆ వృద్ధరైతును గతించెను. సంవత్సరమున కొకనాడు తెలిసియు తెలియకయు బాధించిన వారినందరిని క్షమింపుమని వేడుకొను ఆచారము మనది. బంధువుల యింటికి, ఇరుగుపొరుగుల యింటికి పోయి చేతులు జోడింతుము. ఆ రోజున ఈ మధ్య నాకు ఆ రైతు జ్ఞాపకము వచ్చుచున్నాడు. అతని పల్లె నాకు తెలియును. పోయి చెప్పుటకు నాలుగేండ్ల వ్యవధి యుండెను. పోలేదు. ఒక్క పల్లెను, ఒక్క మనుష్యుని ఎరిగిన నాకే అంత బద్ధకమైనచో, ఊరును పేరును తెలియని వేలమంది విషయములో ఎట్లుండునో ఊహింపవచ్చును. ఈ సారి దీపావళికి కొత్త పుస్తకము తెరచునప్పుడు మొదటి పుటలో అతని పేర ఒక పద్దు వ్రాయవలెనని యున్నది. మొత్తము ఎంతయని నాకు తెలియదు. బాకీ అని మాత్రము వ్రాసెదను.